నెమ్మదిగా పెరిగే లింఫోమా ఛార్టు చేతికొచ్చినప్పుడు

చిన్నీ,

మెడికల్ కోడింగ్‌లో, అంటే రోగుల ఛార్టులు చదివి జబ్బులకి కోడ్లు వేసే పనిలో, నీకు ఆంకాలజీ (క్యాన్సర్) ఛార్టులు ఇస్తున్నారని, టెన్షన్‌గా ఉందని మీ అమ్మ చెప్పింది. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది నెమ్మదిగా పెరిగే లింఫోమాల (లింఫు కణాల్లో వచ్చే క్యాన్సర్ల) దగ్గరే. అందుకే రాస్తున్నాను.

వాటిలో ఒక రకమైన ఫాలిక్యులర్ లింఫోమా బయటపడ్డ చాలామందికి వెంటనే మందు మొదలుపెట్టరు. లక్షణాలు లేకపోతే 'వాచ్ అండ్ వెయిట్' అని రాసి, కొన్ని నెలలకోసారి రమ్మంటారు. ఛార్టులో కీమో కనబడదు, రేడియేషన్ కనబడదు. అది చూసి జెడ్85.72, అంటే గతంలో ఉండేదని చెప్పే కోడ్, వేసేస్తుంటారు. నువ్వు అలా చేయకు తల్లీ. మందు లేకపోయినా జబ్బు ఒంట్లోనే ఉంది, డాక్టర్ కనిపెట్టి చూస్తున్నది దాన్నే. తప్పు కోడ్ పడితే రేపు స్కాన్‌కి ఇన్సూరెన్స్ వాళ్లు అడ్డం చెప్పొచ్చు. ఆ రికార్డు చూసిన మరో డాక్టర్ జబ్బు నయమైపోయిందనుకోవచ్చు.

రెమిషన్‌లో (జబ్బు అణిగి ఉన్న దశలో) ఉన్నా లింఫోమా కోడే వేయాలి. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎంలో 2024 అక్టోబర్ 1 నుంచి దానికి విడిగా కోడ్లు వచ్చాయి: సీ82, సీ83 లాంటి వాటిలో చివర 'ఏ' అక్షరంతో, మాల్ట్ రకానికి మాత్రం సీ88.41. కానీ రెమిషన్ అన్న మాట డాక్టరే రాయాలి. స్కాన్ బాగుంది కదా అని మనం తేల్చేయకూడదు.

ఫాలిక్యులర్ లింఫోమా కోడ్ సీ82లో చుక్క తర్వాతి అంకె గ్రేడ్‌ని (కణాల తీరుని బట్టి ఇచ్చే స్థాయి) లేదా రకాన్ని, దాని పక్కది చోటుని చెబుతాయి. గ్రేడ్ 1, మెడ గ్రంథులు అయితే సీ82.01. మెడలోనూ చంకలోనూ ఉంటే రెండు కోడ్లు కాదు, చివర 8 పెట్టు. గ్రంథులు దాటి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే చివర 9. అక్కడ సెకండరీ కోడ్, అంటే వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్ అని చెప్పేది, వేయాలనిపిస్తుంది, వేయకు. మార్జినల్ జోన్ (నెమ్మదిగా పెరిగే ఇంకో లింఫోమా) అని కనబడితే రకం చూసుకో: మాల్ట్ (కడుపులాంటి అవయవాల లోపలి పొరల్లో వచ్చేది) అయితే సీ88.4 కింద, గ్రంథులదీ ప్లీహానిదీ సీ83.0 కింద.

ఓపీ నోట్‌లో 'సస్పెక్టెడ్ లింఫోమా' అని మాత్రమే ఉంటే లింఫోమా కోడ్ వద్దు. ఒకచోట గ్రంథి వాచిందని రాసుంటే ఆర్59.0 చాలు.

గ్రేడ్ 1–2 అని కలిపి రాసినా, ఉత్త 'లింఫోమా' అని వదిలేసినా నీ అంతట నువ్వు ఎంచుకోకు, డాక్టర్‌కి క్వెరీ (రాసి పంపే ప్రశ్న) పెట్టు. 'గ్రేడ్ 1 అని వేయమంటారా?' అని అడిగితే జవాబు మనమే అందించినట్టవుతుంది. 'బయాప్సీ రిపోర్టులో ఫాలిక్యులర్ లింఫోమా అని ఉంది. మీ నిర్ధారణ ప్రకారం రకం, గ్రేడ్, చోటు నోట్‌లో రాయగలరు' అని అడుగు. జవాబు వచ్చేదాకా ఆ ఛార్టుని హోల్డ్‌లో పెట్టు, టార్గెట్ కోసం మూసేయకు.

ప్రేమతో,
మీ అత్తయ్య