బెదురు గుర్రం చోటు మారితే కుదుటపడుతుందా?

రేసుల నుంచి తీసేసిన గుర్రాన్ని కొన్నారు, బెంగళూరు నడిబొడ్డున ఉన్న లాయంలో అది క్షణం నిలకడగా ఉండట్లేదు, దేవనహళ్లి వైపు ఫారానికి మారిస్తే బెదురు పోతుందా అని అడిగారు. చాలావరకు తగ్గుతుందండి, కానీ పూర్తిగా పోదు. ఆ తగ్గడం కూడా ఊరు ప్రశాంతంగా ఉన్నందుకు కాదు, అక్కడ దాని రోజు గడిచే తీరు మారినందుకు.

మాది హిందూపురం, ఇప్పుడు ఉండేది యలహంకలో. నా దగ్గరున్నదీ రేసుల్లో పరిగెత్తిన ఆడగుర్రమే. పాత లాయంలో రోజంతా గదిలోనే ఉండేది. తలుపు దగ్గర నిలబడి ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు బరువు మారుస్తూ అదేపనిగా ఊగేది. ముందు గిట్టలు ఆనే చోట నేల గుంటలు పడిపోయింది. నడుముకు పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వచ్చేది. పొగరు అన్నారు అందరూ. డాక్టరుగారు ఎండోస్కోపీ చేస్తే కడుపులో పుండ్లు ఉన్నాయని తేలింది.

గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. గడ్డి నములుతున్నప్పుడు ఊరే లాలాజలమే దానికి విరుగుడు. బయట వదిలేస్తే గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తుంది. రేసు గుర్రాలకేమో దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, అందుకే వాటిలో ఈ పుండ్లు చాలా మామూలు. మా దానికి కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ మందుతో పుండ్లు మానాయి. మళ్లీ రాకుండా కాపాడుతున్నది మాత్రం తర్వాత మార్చిన ఫారంలోని మేతే. కాబట్టి మార్చేముందు మీరూ ఒకసారి గుర్రం కడుపు డాక్టరుకు చూపించండి. నొప్పితో చిరాకు పడే గుర్రాన్ని ఏ ఫారానికి తీసుకెళ్లినా ఆ చిరాకు వెంటే వస్తుంది.

ఫారం చూడ్డానికి వెళ్లినప్పుడు కంచెలు, చెట్లు చూసి మురిసిపోకండి. బెంగళూరు చుట్టుపక్కల చాలా ఫారాల్లో ఎండాకాలం వచ్చేసరికి మిగిలేది ఎర్రమట్టే. రోజుకు ఎన్ని గంటలు బయట వదులుతారు, రాత్రి పూట కూడా ముందు గడ్డి ఉంటుందా, ఇవి అడగండి. నాలుగు వందల యాభై కిలోల గుర్రానికి ఎంత తక్కువన్నా రోజుకు ఏడు కిలోల ఎండుగడ్డి పడాలి. ఇంకో గుర్రం కంటికి కనబడేలా ఉండాలి. ఇది మంద జంతువు, ఒంటరిగా ఉంటే కాపలా అంతా తనదే అనుకుంటుంది.

మొదటి రోజులు చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. మాది వచ్చిన కొత్తలో కంచె వెంట అటూ ఇటూ పరిగెత్తుతూనే ఉంది, నీళ్ల వాసన తేడాగా ఉందని తొట్టిలో మూతి కూడా పెట్టలేదు. నీళ్లు తాగకపోతే కడుపునొప్పి ముంచుకొస్తుంది కనుక పాత లాయం నుంచి క్యాన్లతో నీళ్లు తెప్పించి కలిపాం. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది గానీ గాఢంగా కలల నిద్ర పోవాలంటే పడుకోవాల్సిందే, భయంగా ఉన్న చోట పడుకోదు. ఒక పొద్దున దాని జూలులో, తోకలో కింద పరిచిన రంపపు పొట్టు అంటుకుని కనబడింది. రాత్రి పడుకుందన్నమాట! నాకు అప్పుడు ధైర్యం వచ్చింది. మీరూ పొద్దున్నే వెళ్లి దాని జూలు, తోక చూడండి.

ఊగడం ఇప్పుడు దాణా వేళ తప్ప లేదు. పట్టీ బిగిస్తే తల తిప్పి చూస్తుంది, అంతే. గాలికి ఎగిరే నీలం టార్పాలిన్ కనబడితే మాత్రం ఇప్పటికీ పక్కకు గెంతుతుంది. అది దాని పుట్టుక, చోటు మారితే పోయేది కాదు, ఓపిగ్గా అలవాటు చేయాలి. అందుకు సైసు, అంటే గుర్రాన్ని రోజూ చూసుకునే మనిషి, ముఖ్యం. వీలైతే పాత సైసునే కొన్నాళ్లు వెంట పంపమని అడగండి, చోటు కొత్తదైనా మనిషి పాతవాడే ఉంటే గుర్రానికి సగం టెన్షన్ తగ్గుతుంది.

దాణా ఒక్కసారిగా మార్చకండి, వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. దీపావళి ముందు తరలించొద్దు. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది, ప్రాక్టీసు రోజుల నుంచే ఈ చుట్టుపక్కల యుద్ధ విమానాల మోత ఉంటుంది. ఆ తేదీలు చూసుకుని వ్యాను మాట్లాడుకోండి.