టెక్ సందేహాలు: వేరియంట్ గడి ఖాళీగా ఉంటే సంతోషించండి

ప్రశ్న: 1987 నాటి బ్యూక్ రీగల్ టర్బో ఒకటి అమ్మకానికి వచ్చింది. యజమాని అది అందులో పేరుమోసిన వేరియంట్ గ్రాండ్ నేషనల్ అంటున్నారు, ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే చెబుతున్నారు. కారు గుర్తింపు సంఖ్యను, అంటే విన్ నంబరును రెండు యాప్‌లలో పెట్టి చూశాను. ఒకటి గ్రాండ్ నేషనల్ అని చూపింది. రెండోది వేరియంట్ గడిని ఖాళీగా వదిలేసింది. దేన్ని నమ్మాలి?

ఖాళీగా వదిలేసిన దాన్నే నమ్మండి. కనీసం అది అబద్ధమాడలేదు.

కారు మారుతుంది, సంవత్సరం మారుతుంది, నాకు వచ్చే ఉత్తరం మాత్రం ఇదే. ఓ పాత టర్బో కారు, దాని మీద ఓ గొప్ప బ్యాడ్జి, కొనబోయేవారి చేతిలో ఓ ఉచిత యాప్. తెర మీద కనబడిన మాటకు రిజిస్ట్రారు ముద్ర పడ్డ దస్తావేజుకు ఇచ్చేంత విలువ ఇచ్చేస్తున్నారు. అమెరికాలో 1981 మోడళ్ల నుంచి విన్‌కు 17 స్థానాలు ఖరారయ్యాయి. ఏ స్థానంలో ఏముంటుందో వరసగా వల్లించను, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీ కారు విషయంలో అక్కరకొచ్చేవి రెండే. ఎనిమిదో స్థానంలో 7 ఉంటే, ఫ్యాక్టరీలో ఆ కారుకు పెట్టింది 3.8 లీటర్ల టర్బో వీ6 ఇంజన్. పదో స్థానంలో హెచ్ ఉంటే అది 1987 మోడల్. మామూలు రీగల్‌కు ఎక్కడి నుంచో టర్బో ఇంజన్ తెచ్చి బిగించారేమో అన్న అనుమానం దీనితో చాలావరకు తీరుతుంది. అది చిన్న సంగతేమీ కాదు. అయితే అదే ఇంజన్‌తో, అదే 7తో ఆ ఏడాది టర్బో టి అన్న మరో రీగల్ వేరియంట్ కూడా వచ్చింది. ఆ రెండింటినీ విడదీసి చెప్పే అక్షరం ఆ 17లో ఎక్కడా లేదు.

మరి లేని సమాచారం మొదటి యాప్‌కు ఎక్కడ దొరికింది? ఊహించింది. ఖాళీ గడి కనబడితే జనం యాప్‌ను తీసేస్తారని దాన్ని తయారుచేసినవారి భయం. అందుకని ఆ ఇంజన్‌తో వచ్చిన కార్లలో పేరున్నదాన్ని తెచ్చి గడిలో కూర్చోబెడతారు. 'ఇది మా అంచనా మాత్రమే' అని పక్కన ఒక్క ముక్క రాస్తే వచ్చే నష్టమేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఉచితంగా నడిపే, విన్‌ను విప్పి చెప్పే డీకోడర్ ఒకటుంది. తయారీదారులు సమర్పించిన వివరాలే అందులో ఉంటాయి. అందుకే అందులో పాత కార్లకు చాలా గడులు ఖాళీగా ఉంటాయి. దాన్ని లోపమని తిట్టుకునేవారికి చెబుతున్నాను: అది నిజాయతీ.

అసలు జవాబు కారులోనే ఉంది. డిక్కీ మూత లోపలి వైపు చూడండి. జనరల్ మోటార్స్ కార్లకు ఆ రోజుల్లో ఆప్షన్ల కోడ్‌లన్నీ ముద్రించిన కాగితపు లేబుల్ అతికించేవారు. అందులో ఎల్‌సీ2 అంటే ఆ టర్బో ఇంజన్. డబ్ల్యూఈ2 అంటే గ్రాండ్ నేషనల్ ప్యాకేజీ. డబ్ల్యూఈ2 లేకుండా ఎల్‌సీ2 మాత్రమే ఉంటే మీరు చూస్తున్నది మంచి టర్బో రీగలే, కానీ గ్రాండ్ నేషనల్ కాదు. అదే లేబుల్ మీద విన్ కూడా ఉంటుంది. దాన్ని ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు మీదున్న ప్లేటుతో అక్షరం అక్షరం సరిచూడండి. అసలు రంగు ఏమిటో కూడా చూడండి. 1987 గ్రాండ్ నేషనళ్లన్నీ నలుపే. లేబుల్ ఇంకో రంగు చెబుతుంటే, ఇప్పుడు కారు ఎంత నల్లగా నిగనిగలాడినా బేరం అక్కడితో ఆపేయండి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. కొత్తగా ముద్రించిన లేబుళ్లు కూడా అమ్ముతున్నారు. ముప్పై ఏళ్లకు పైబడిన కారులో లేబుల్ నిన్న అతికించినట్టు తెల్లగా మెరుస్తుంటే ముచ్చటపడకండి, అనుమానపడండి. ఒక్క సాక్ష్యంతో తృప్తి పడకపోవడమే దీనికి విరుగుడు. అసెంబ్లీ లైన్లో కారుతోపాటు నడిచిన బిల్డ్ షీటు కొన్ని కార్లలో సీట్ల కిందో, పెట్రోలు ట్యాంకు పైనో ఇప్పటికీ నలిగి కనిపిస్తుంది. ఇంజన్ బ్లాకు మీద, గేర్‌బాక్సు మీద విన్‌లోని కొంత భాగం పోతపోసిన లోహంలోకి గుద్ది ఉంటుంది. ఇవన్నీ ఒకే మాట చెబితే ఇక సందేహం అక్కర్లేదు. ఒకటి మౌనంగా ఉంటే ఫర్వాలేదు, ఒకటి ఎదురు చెబితే మాత్రం లేచి వచ్చేయండి. యజమాని ఇంకో మెట్టెక్కి అది గ్రాండ్ నేషనల్‌కే పై రూపమైన జీఎన్‌ఎక్స్ అన్నారా? అవి మొత్తం 547 మాత్రమే. గ్రాండ్ నేషనల్‌కు కంపెనీ ప్రకటించిన శక్తి 245 హార్స్‌పవర్ అయితే దీనికి 276. డ్యాష్‌బోర్డు మీద వరుస సంఖ్యతో ఫలకం ఉంటుంది. ఫలకం ఎవరైనా చేయించుకోగలరు కాబట్టి, ఆ సంఖ్యకూ ఈ విన్‌కూ లంకె చూపే కాగితాలు అడగండి.

చివరిగా, విన్ 'సరైనదే' అని యాప్ ఆకుపచ్చ టిక్కు పెట్టిందని రాశారు. ఉత్తర అమెరికా విన్‌లలో తొమ్మిదో స్థానం తనిఖీ అంకె. మిగతా అక్షరాలకు విలువలు కట్టి, హెచ్చవేసి, మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషం అక్కడ ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్ రాస్తారు. టిక్కు పడిందంటే నంబరు టైపు చేయడంలో తప్పు పోలేదని అర్థం. ఆ నంబరు ఆ కారుదేనా అన్నది యాప్‌కు తెలిసే మార్గం లేదు.

ప్రశ్న: జపాన్ నుంచి దిగుమతైన నిస్సాన్ స్కైలైన్ ఆర్32 చూశాను. చాసిస్ నంబరు పెడితే ప్రతి యాప్ 'చెల్లని నంబరు' అంటోంది. అది దొంగ కారా?

కాదు, యాప్ చేసినవారికి జపాన్ గుర్తులేదు. జపాన్ దేశీయ మార్కెట్ కార్లకు 17 స్థానాల విన్ ఉండదు. మోడల్ కోడ్, ఒక గీత, వరుస సంఖ్య, అంతే. పైగా ఈ కారుకు అదే మేలు. బీఎన్‌ఆర్32 అని మొదలైతే అందులో పై వేరియంట్ జీటీ-ఆర్. హెచ్‌సీఆర్32 అయితే రెండు లీటర్ల టర్బోతో వచ్చిన జీటీఎస్-టీ. హెచ్‌ఎన్‌ఆర్32 అయితే నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే జీటీఎస్-4. బంపర్లు, ఫెండర్లు, బ్యాడ్జీలు ఎన్ని మార్చినా ఈ మొదటి అక్షరాలు మారవు. ఇంజన్ గదిలో రివెట్లతో బిగించిన ప్లేటును మాత్రమే చూసి రాకండి, వెనుక గోడ లోహంలో గుద్దిన నంబరును చూడండి. ప్లేటు ఊడుతుంది, గోడ ఊడదు. జీటీ-ఆర్‌లోనే ప్రత్యేక రూపమైన వీ-స్పెక్ అని చెబితే మాత్రం మళ్లీ జాగ్రత్త. అది కూడా బీఎన్‌ఆర్32నే. దాని గుర్తులుగా చెప్పుకునే 17 అంగుళాల చక్రాలూ, బ్రెంబో బ్రేకులూ ఏ ఆర్32కైనా బిగించుకోవచ్చు.

అన్ని జపాన్ కార్లూ ఇంత సూటిగా ఉండవని గుర్తుంచుకోండి. జీసీ8 అన్న అక్షరాలు చూసి సుబారు ఇంప్రెజాను దాని పై వేరియంట్ ఎస్‌టీఐ అనుకునేవారున్నారు. మామూలు డబ్ల్యూఆర్ఎక్స్ కూడా జీసీ8నే. అక్కడ ప్లేటు మీదున్న పూర్తి మోడల్ కోడ్ చదవాల్సిందే.

ప్రశ్న: 1988 పోర్షా 944 టర్బో ఎస్ అని చెబుతున్న కారుకు, కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి వేరియంట్ తెలుసుకోవచ్చా? బ్లూటూత్ స్కానర్ ఆర్డరు చేశాను, 'అన్ని కార్లకూ పనిచేస్తుంది' అని రాసి ఉంది.

వెనక్కి పంపేయండి. ఓబీడీ-2 అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైంది, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి. 1988 కారులో ఆ స్కానర్‌ను గుచ్చడానికి చోటే లేదు. 'అన్ని కార్లకూ' అని పెట్టె మీద అచ్చేసినవారికి 1996కు ముందు కార్లు లేవు కాబోలు.

944 టర్బో ఎస్‌కు ఆప్షన్ కోడ్ ఎం758. వెనుక డిక్కీలో ఉండే ఆప్షన్ స్టిక్కరులో, సర్వీసు పుస్తకంలో అది కనబడాలి. మామూలు టర్బో 220 హార్స్‌పవర్, ఎస్ 250. 1989లో ఆ భాగాలే మామూలు టర్బోకు కూడా వచ్చేశాయి కాబట్టి, ఆ ఏడాది కారులో ఎం758 లేదని గొడవ పడకండి. ఇంజన్ శక్తిని కొలిచే డైనో యంత్రం మీద ఎక్కించి చూపిస్తామంటే దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. ఆ కాలపు ఇంజన్ కంప్యూటర్లలో చిప్పు మార్చి బూస్టు, అంటే టర్బో ఒత్తిడి పెంచడం అందరికీ తెలిసిన పని. శరీరం చూసి మోసపోవద్దనడానికి అదే కంపెనీ ఇంకో ఉదాహరణ ఇచ్చింది. ఎం491 అన్న ఆప్షన్ కింద 911 కారెరాకు టర్బో కారు వెడల్పాటి ఒళ్లూ, బ్రేకులూ, పెద్ద రెక్కా ఫ్యాక్టరీయే అమర్చి పంపింది. టర్బో ఒక్కటే లేదు.

స్కానర్ ఇంకా మీ దగ్గరే ఉంటే, దాన్ని మీ కొత్త కారుకు పెట్టి వదిలేయకండి. చవక బ్లూటూత్ స్కానర్లలో జత చేసే పిన్ 1234 లేదా 0000. అది మార్చడానికి వీలుండదు. పక్కన ఆగిన ఎవరైనా కారు నెట్‌వర్కు తలుపు తట్టగలరు. పని కాగానే పీకేయండి. దానితో వచ్చిన యాప్ మీ కాంటాక్టులు అడిగితే, ఇంజన్‌కూ మీ మేనత్త ఫోను నంబరుకూ సంబంధమేమిటో అడిగి మరీ తీసేయండి.

ప్రశ్న: నా పాత టర్బో కారు అమ్మకానికి పెట్టాను. ఒకాయన ఫొటోలు చూసి ధరకు వెంటనే ఒప్పుకున్నారు. అయితే తాను పంపిన లింకులోనే 'వేరియంట్ ధ్రువీకరణ నివేదిక' కొని పంపమంటున్నారు. కొనాలా?

వద్దు. ఆయన కొనేవారు కాదు.

ఈ వారం మిగతా ప్రశ్నలన్నీ డబ్బు నష్టం గురించి అయితే, నన్ను నిజంగా కలవరపెట్టేది ఇది. ఎందుకంటే ఇందులో చిక్కుకునేది అత్యాశపరులు కాదు, నిజాయతీగా కారు అమ్ముకుంటున్నవారు. తంతు ఇలా సాగుతుంది. బేరమాడకుండా ఒప్పుకుంటారు. కారు గురించి తెలివైన ప్రశ్నలు రెండు అడుగుతారు. తర్వాత, అన్ని నివేదికలూ నమ్మలేమని, ఫలానా సైటుదే కావాలని అంటారు. సైటు చూడ్డానికి బాగానే ఉంటుంది. విన్ అడుగుతుంది, పేరు, చిరునామా అడుగుతుంది, సుమారు 20 డాలర్లకు కార్డు వివరాలు అడుగుతుంది. 20 డాలర్లేగా అని ఇచ్చేస్తారు. కొనేవారు మాయమవుతారు, కార్డు వివరాలు మాత్రం వారి దగ్గర ఉండిపోతాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లోనే దీని గురించి హెచ్చరించింది. చివర '.విన్' అని ఉండే సైట్లతో జాగ్రత్త అని ప్రత్యేకంగా చెప్పింది. ఆ డొమైను పుట్టింది ద్రాక్షసారా వ్యాపారుల కోసం. దాన్ని కొనుక్కోవడానికి ఏ వాహన సంస్థ అనుమతీ అక్కర్లేదు.

నివేదిక ఎక్కడ కొనాలో ఎదుటివారు నిర్ణయిస్తే, కారణం ఎంత సబబుగా వినిపించినా మోసమనే లెక్క వేసుకోండి. అమెరికాలో కారు చరిత్ర కావాలంటే జాతీయ వాహన హక్కుల సమాచార వ్యవస్థ ఎన్‌ఎంవీటీఐఎస్ ఆమోదించిన సంస్థల జాబితా బహిరంగంగానే ఉంది, అందులోంచి ఎంచుకోండి. అవి హక్కుపత్రం, బీమా సంస్థ కారును పూర్తి నష్టంగా తేల్చిందా, ఓడోమీటరు వంటివి చెబుతాయి. వేరియంట్‌ను ధ్రువీకరించే పని వాటిది కాదు. కాబట్టి 'వేరియంట్ ధ్రువీకరణ నివేదిక' అన్న పేరు చూడగానే మీకు అనుమానం రావాల్సింది.

కార్డు వివరాలు ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ జవాబు చదవడం ఆపి ముందు బ్యాంకుకు ఫోను చేసి కార్డు రద్దు చేయించండి. ఇంకో మాట. మీరు పెట్టిన ఫొటోలలో హక్కుపత్రం పూర్తిగా కనబడుతోంది. విన్ ఒక్కటే అయితే ముందు అద్దంలోంచి ఎవరైనా చదువుకుంటారు, అది రహస్యమేమీ కాదు. విన్, మీ పేరు, చిరునామా, సంతకం ఒకే చిత్రంలో ఉంటే వ్యవహారం వేరు. అరుదైన కారు అసలు నంబరు, దొంగిలించిన అలాంటి కారుకు తొడగడానికి ముడిసరుకు. ఆ ఫొటో తీసేయండి. మిగతావాటిని పెట్టే ముందు వాటిలో దాగిన లొకేషన్ సమాచారం తుడిచేయండి, కారు ఏ గ్యారేజీలో నిద్రపోతోందో ఊరంతటికీ చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మూడేళ్ల నాటి టర్బో కారు సెకండ్ హ్యాండ్‌లో టాప్ వేరియంట్ అని కొన్నాను. సీటు వేడెక్కే సదుపాయం పనిచేయడం లేదు. ఏం చూడాలి?

ఫ్యూజు చూడమని చెప్పే రోజులు పోయాయి. మీ సీటు కింద వేడిచేసే తీగ ఉండి ఉండవచ్చు, దాన్ని వాడుకునే హక్కు మాత్రం పాత యజమాని ఖాతాలో ఉండవచ్చు. పై ప్రశ్నల్లోని పాత కార్లకు కనీసం ఓ కాగితం ముక్క ఉంది. డిక్కీలో, సీటు కింద, పుస్తకంలో. ఇప్పుడు వేరియంట్ అన్నది ఎక్కడో సర్వర్లో ఉండే ఒక వరుస. నెలకింత కడితే శక్తి పెరుగుతుంది, మానేస్తే తగ్గుతుంది. ఓ అప్‌డేటు వచ్చి మెనూలోంచి ఓ పంక్తిని లేపేస్తే, నిన్నటి టాప్ వేరియంట్ ఇవాళ కాదు. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్కులు మూతపడినప్పుడు, ఇంజన్ నిక్షేపంగా ఉన్న కార్లు ఎన్నో కనెక్టెడ్ సేవలు పోగొట్టుకున్నాయి. ముప్పై ఏళ్ల తర్వాత మీ కారును ఎవరైనా కొనబోతే, అది ఏ వేరియంటుగా పుట్టిందో చెప్పడానికి ఏ మూత ఎత్తి చూడాలి? తయారీ రోజున కారులో ఏమేమి ఉన్నాయో చెరగని అక్షరాలతో తలుపు మీద ముద్రించడానికి ఎంత ఖర్చవుతుంది? 1987లో కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు?

సరే, మీ సీటు సంగతి. కారు ఇంకా పాత యజమాని ఖాతాతో ముడిపడి ఉందేమో ముందు చూడండి. ఉంటే కారు ఎక్కడుందో ఆయన ఫోనులో కనబడుతూ ఉండవచ్చు, తలుపులు కూడా అక్కడి నుంచే తెరుచుకోవచ్చు. సీటు కంటే అది అత్యవసరం. ఆయనతో మాట్లాడి ఆ ముడి విప్పించండి, కారు వ్యవస్థను పూర్తిగా రీసెట్ చేసి మీ ఖాతా కలపండి. మాట్లాడేటప్పుడు సీటు గురించి కూడా అడగండి, దాని చందా ఇంకా ఆయన కార్డు మీదే పోతూ ఉంటే ఆయన కూడా సంతోషంగా సహకరిస్తారు.