రొయ్యల టెస్టులో ఎల్‌సీ-ఎంఎస్ మిషన్ ద్రవం నుంచి అయాన్లను ఎలా తీస్తుంది?

మా ఇందుకూరుపేట వైపు రొయ్యలు ఎగుమతికి వెళ్లేముందు క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్ టెస్టు అంటే రైతుకు టెన్షనే. యూరప్‌కైతే కిలోకు 0.15 మైక్రోగ్రాముల జాడ ఉన్నా సరుకు నిలిచిపోతుంది. అంత చిన్న జాడను పట్టేది ఈ మిషనే. ఇందులో రెండు యంత్రాలు: ద్రవంలోని పదార్థాలను విడదీసే లిక్విడ్ క్రొమటోగ్రఫీ (ఎల్‌సీ), విద్యుత్ ఆవేశమున్న అణువులను, అంటే అయాన్లను, బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ (ఎంఎస్).

చిక్కంతా రెండు యంత్రాల మధ్య అతుకులో ఉండేది. క్రొమటోగ్రఫీ నుంచి ద్రవం వస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్‌కేమో వాక్యూమ్ కావాలి. ఒక్క మిల్లీలీటరు నీళ్లు ఆవిరైతే లీటరుకు పైగా అవుతుంది, పంపులు తట్టుకోలేవు. 1970ల్లో ద్రవాన్ని కదిలే బెల్టు మీద ఆరబెట్టి లోపలికి పంపారు. తర్వాత ద్రవాన్ని వేడిచేసి చిమ్మే థర్మోస్ప్రే కొన్నేళ్లు నడిచింది.

అసలు మలుపు ఎలక్ట్రోస్ప్రే. 1968లో మాల్కం డోల్ ప్రయత్నించిన దారినే 1980ల్లో జాన్ ఫెన్ అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో సాధించి చూపారు. 2002 కెమిస్ట్రీ నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. సన్నని సూదికి కొన్ని వేల వోల్టులు ఇస్తే కొసన ద్రవం శంకువులా సాగి, తుంపరగా చిమ్ముతుంది. వేడి నైట్రోజన్‌కు బొట్టు ఆరేకొద్దీ అందులోని ఆవేశాలు ఇరుకై ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. బొట్టు పగిలి, మళ్లీ పగిలి, చివరికి అయాన్లు మిగులుతాయి. ఇదంతా మామూలు గాలి పీడనంలోనే జరుగుతుంది, అందుకే పంపుల మీద భారం తగ్గింది. అణువు కూడా ముక్కలవకుండా వస్తుంది. క్లోరాంఫెనికాల్ అయితే ఒక ప్రోటాన్ వదులుకుని నెగటివ్ అయాన్‌గా 321 ద్రవ్యరాశి దగ్గర కనిపిస్తుంది.

ఆవేశం సులువుగా అందుకోని పదార్థాలకు ఏపీసీఐ (గాలి పీడనంలోనే రసాయన చర్యతో అయాన్లు చేసే పద్ధతి) ఉంది. అందులో ముందు ద్రవాన్ని ఆవిరి చేసి, హై వోల్టేజీ ఇచ్చిన కరోనా సూదితో అయాన్లు పుట్టిస్తారు.

ఎలక్ట్రోస్ప్రేకి ఒక బలహీనత ఉంది: రొయ్యలోని ఉప్పు, కొవ్వు అదే బొట్టులో పోటీపడి మందు సిగ్నల్‌ను అణిచేస్తాయి. నా దృష్టిలో మిషన్ ఎంత ఖరీదైనదన్న దానికన్నా శాంపిల్‌ను ఎంత శుభ్రంగా తయారుచేశారన్నదే ముఖ్యం.