ఇంటి రేడియో స్కానర్‌లో చీకటి పడ్డాక వచ్చే గరగర ఎక్కడిదో పట్టుకోవడం ఎలా?

టెక్సస్‌లో గ్రాండ్ ప్రెయిరీలోని మీ ఇంట్లో, అనేక ఫ్రీక్వెన్సీలను వరుసగా వెతికి వినిపించే రేడియో స్కానర్ మీద పగలంతా డాలస్-ఫోర్ట్ వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయపు విమానాల సంభాషణ చక్కగా వినిపిస్తోందనీ, చీకటి పడ్డాక మాత్రం 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకూ ఉండే ఎయిర్‌బ్యాండ్ అంతటా గరగర మొదలై, సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసి ఉంచే స్క్వెల్చ్ దానంతటదే తెరుచుకుని, స్కానింగ్ ఏదో ఒక ఛానెల్ దగ్గర ఆగిపోతోందనీ రాశారు. యాంటెన్నా మార్చాలా, ఫిల్టర్ కొనాలా, అసలు స్కానరే మార్చాలా అని అడిగారు. ప్రస్తుతానికి ఏదీ కొనవద్దన్నదే నా సలహా. నేను ఇర్వింగ్‌లో, విమానాలు దిగే దారికి దగ్గర్లోనే ఉంటాను. ఇదే బాధ పడ్డాను. రొద ఏ జాతిదో తేలకముందు పెట్టే ఖర్చు చాలావరకు వృథా అవుతుంది, పైగా మంచి యాంటెన్నా పెడితే రొదను కూడా అంతే బాగా పట్టి ఇస్తుంది.

మొదట యాంటెన్నా వైరు ఊడదీసి చూడండి. అయినా చప్పుడు అలాగే ఉంటే అది బయటి నుంచి వచ్చేది కాదు. స్కానర్ లోపలి ఆసిలేటర్లే పుట్టించే 'బర్డీ' కావచ్చు, లేదా స్కానర్ అడాప్టర్ నుంచి కరెంటు వైరు గుండా వచ్చేది కావచ్చు. బర్డీ అయితే ఒకటి రెండు ఫ్రీక్వెన్సీల మీదే కదలకుండా నిలుస్తుంది కనుక వాటిని లాకౌట్ చేస్తే, అంటే స్కానింగ్‌లోంచి తప్పిస్తే సరిపోతుంది. అడాప్టర్ మీద అనుమానం ఉంటే స్కానర్‌ను బ్యాటరీతో నడిపి చూడండి. మీ రొద బ్యాండ్ అంతటా ఉంది, చీకటి పడ్డాకే వస్తోంది కాబట్టి ఈ రెండూ కాకపోవచ్చు, కానీ నిమిషం పట్టని పరీక్షను వదలడం దేనికి?

రెండో పరీక్ష, యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ను బలహీనపరిచే అటెన్యుయేటర్‌తో చేయాలి. మీ ఊరికి సెడార్ హిల్ ఎంతో దూరం లేదు. డాలస్, ఫోర్ట్ వర్త్ ప్రాంతపు ఎఫ్ఎం, టీవీ స్టేషన్ల ఎత్తైన టవర్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. ఆ బలమైన సిగ్నళ్లు స్కానర్ ముందుభాగంలో ఒకదానితో ఒకటి కలిసి, గాలిలో లేని కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తాయి. ఉదాహరణకు 106.1ని రెట్టింపు చేసి అందులోంచి 92.5 తీసివేస్తే 119.7 వస్తుంది, అది నేరుగా ఎయిర్‌బ్యాండ్‌లో పడుతుంది. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. ఈ జాతి ఉత్పత్తికి ఒక లక్షణం ఉంది: యాంటెన్నా సిగ్నల్‌ను 10 డెసిబెల్స్ తగ్గిస్తే అది ఏకంగా 30 డెసిబెల్స్ దాకా తగ్గిపోతుంది. అందుచేత అటెన్యుయేటర్ వేయగానే గోల మాయమై, మీకు కావలసిన సంభాషణ మాత్రం కొంచెం బలహీనంగానైనా మిగిలితే అది ఓవర్‌లోడ్, దానికి మందు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ను అడ్డుకునే ఎఫ్ఎం ఫిల్టర్. రెండూ సమానంగా తగ్గితే రొద నిజంగానే ఆ ఫ్రీక్వెన్సీలో ఉన్నట్టు; అలాంటప్పుడు ఎఫ్ఎం ఫిల్టర్ కొన్నా పైసా ప్రయోజనం ఉండదు. ఎఫ్ఎం స్టేషన్లు పగలూ రాత్రీ నడుస్తాయి కనుక మీ విషయంలో ఇది మూలకారణం కాదనే అనుకుంటున్నాను.

  

ఇక అసలు సంగతికి వస్తే, మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే విలువైన ఆధారంగా కనిపించింది వేళ. పగలు మాత్రమే వచ్చి, మబ్బు పట్టగానే తగ్గే రొద అయితే ఇంటి మీది సోలార్ వ్యవస్థను అనుమానించాలి. ఇరవై నాలుగు గంటలూ ఉండేది అయితే నెట్‌వర్క్ పరికరాలు, కెమెరాలు, ఛార్జర్లు. వాటిలోనూ 125 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రమే కీచుమని నిలిస్తే ఈథర్‌నెట్ కేబుల్‌ను చూడాలి, ఎందుకంటే 100 మెగాబిట్ ఈథర్‌నెట్‌లోనూ, గిగాబిట్‌లోనూ తీగ మీద సంకేతాల వేగం 125 మెగాహెర్ట్జే. వాన పడినప్పుడు తగ్గి, ఎండిన గాలికి పెరిగే బొయ్యిమనే శబ్దం కరెంటు స్తంభాల మీది స్పార్కింగ్ కావడానికి అవకాశం ఎక్కువ. అమెరికాలో దాని స్వరం 120 హెర్ట్జ్, మన దేశంలో అయితే 100. చీకటి పడ్డాక మొదలై పడుకునే వేళకు ఆగేది మాత్రం దాదాపు ఎప్పుడూ దీపాలకు సంబంధించినదే. ఎల్ఈడీ బల్బుల్లోనూ, ఎల్ఈడీ పట్టీల అడాప్టర్లలోనూ ఉండే స్విచింగ్ సర్క్యూట్ కరెంటును సెకనుకు వేల సార్లు తుంచుతుంది, ఆ తుంపుల అంచులు ఎంత పదునుగా ఉంటే రొద అంత పైకి, ఎయిర్‌బ్యాండ్ ఉండే వీహెచ్ఎఫ్ దాకా పాకుతుంది. ఎయిర్‌బ్యాండ్ ఏఎం పద్ధతిలో నడుస్తుంది కాబట్టి ఈ జాతి రొద అక్కడ నేరుగా చెవిన పడుతుంది. ఎఫ్ఎం ఛానెళ్లలో అంతగా వినిపించకపోయినా, దూరపు స్టేషన్లు రాకుండా పోవడం ద్వారా తన ఉనికి తెలుపుతుంది.

మూలం మీ ఇంట్లో ఉందా, బయట ఉందా అన్నది తేల్చేది మెయిన్ బ్రేకర్. స్కానర్‌ను బ్యాటరీ మీద పెట్టండి. బ్యాటరీతో నడిచే చేతి స్కానర్ అయితే మరీ మంచిది. కొలతకు ఆగకుండా వచ్చే ఒక సిగ్నల్ కావాలి. వాతావరణం, రన్‌వే వివరాలను పైలట్లకు పదేపదే చెప్పే విమానాశ్రయపు ఏటిస్ ప్రసారం అందుకు బాగా పనికొస్తుంది. డీఎఫ్‌డబ్ల్యూలో దిగే విమానాల ఏటిస్ 123.775లో నిరంతరం వస్తుంది. ఎయిర్‌బ్యాండ్ దాటి కూడా రొద ఉందేమో చూడాలంటే 162.400 నుంచి 162.550 వరకూ ఉన్న, అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నడిపే వాతావరణ ఛానెళ్లలో మీకు వచ్చేదాన్ని పెట్టుకోండి. రొద ఉన్న వేళ, ఇంట్లోవాళ్లకు ముందుగా చెప్పి, కంప్యూటర్లు సక్రమంగా మూసి, మెయిన్ ఆపండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా అది నడుస్తూనే ఉంటుంది, రొదా చేస్తూనే ఉంటుంది, కాబట్టి దాన్ని కూడా విడిగా ఆపాలి. మెయిన్ ఆపగానే ఏటిస్ గొంతు శుభ్రంగా పైకి తేలితే మూలం మీ ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు మెయిన్ వేసి, మిగతా బ్రేకర్లన్నీ ఆపి, ఒక్కొక్కటే వేస్తూ రండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగను మాత్రం బ్రేకర్ పట్టిస్తుంది.

మా ఇంట్లో అలా పట్టించింది చిన్న పడకగది బ్రేకర్‌ను. ఆ గదిలో ఒక ప్రింటరు, ట్రెడ్‌మిల్లు, గోడకు ఆనించిన చెక్క పూజా మందిరం, దాని వెనక అంచున అంటించిన పసుపుపచ్చ ఎల్ఈడీ పట్టీ ఉన్నాయి. మా ఆవిడ సంధ్యాదీపం పెట్టేటప్పుడు ఆ పట్టీ స్విచ్ వేస్తుంది, పడుకునే ముందు ఆపుతుంది. రొద వేళలు సరిగ్గా అవే. అయినా ప్రింటర్‌నూ, ట్రెడ్‌మిల్లునూ కూడా పీకి చూసే నిర్ధారించుకున్నాను. తర్వాత చేతి స్కానర్‌కు ఉన్న రబ్బరు యాంటెన్నా తీసేసి, సాకెట్ మధ్య రంధ్రంలో నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్పు గుచ్చి, స్కానర్‌ను ఏఎంలో పెట్టి మందిరం చుట్టూ తిప్పాను. అటెన్యుయేటర్ వేసినా అడాప్టర్ దగ్గర సిగ్నల్ గీతలు నిండుగా నిలిచాయి. పట్టీ వైపు వెళ్లే సన్నని తీగ వెంట జరుపుతుంటే చాలాదూరం తగ్గనే లేదు. తగ్గకపోవడానికి కారణముంది. 125 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 2.4 మీటర్లు కనుక అందులో నాలుగో వంతు, అంటే 60 సెంటీమీటర్ల తీగ కూడా దివ్యమైన యాంటెన్నా అవుతుంది. దోషి అడాప్టరే అయినా ప్రసారం చేస్తున్నది ఆ తీగ.

ముందు ఫెరైట్, అంటే తీగ మీది రొదను అణిచే అయస్కాంత పదార్థపు ఉంగరం, పెట్టి చూశాను. తీగను ఫెరైట్ ఉంగరంలోంచి రెండు మూడు చుట్లు తిప్పి, అడాప్టర్‌కు బెత్తెడు దూరంలోనే బిగించాలి. దూరంగా పెడితే మధ్యనున్న తీగ ముక్క యాంటెన్నా పని చేస్తూనే ఉంటుంది. ఎయిర్‌బ్యాండ్‌కు 31 లేదా 43 రకం పదార్థం సరిపోతుంది, 200 మెగాహెర్ట్జ్ పైన అయితే 61 రకం మేలు. చుట్లు ఎక్కువ వేస్తే ఎక్కువ లాభం అనుకోవద్దు. ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరిగి రొద ఫెరైట్‌ను దాటుకుని పోతుంది. రకం పేరే లేకుండా సంచీలో పోసి అమ్మే ఫెరైట్లను నేను నమ్మను. ఏమైనా ఫెరైట్‌తో మా రొద బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అడాప్టర్ మరీ తేలిగ్గా ఉండటం చూస్తే లోపల రొదను అణిచే కాయిలు, కెపాసిటర్లు పెట్టకుండా మిగుల్చుకున్నారనిపించింది. దాని స్థానంలో అదే వోల్టేజీ ఇచ్చే, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన లీనియర్ అడాప్టర్ పెట్టాక బ్యాండ్ నిశ్శబ్దమైంది. పట్టీని మార్చవలసిన అవసరం రాలేదు.

మెయిన్ ఆపినా మీ రొద తగ్గకపోతే వెతుకులాట వీధిలోకి వెళ్తుంది. చేతి స్కానర్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుని నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. మీ ఒళ్లు అడ్డువచ్చినప్పుడు రొద తగ్గుతుంది, అంటే బాగా తగ్గిన క్షణంలో మూలం మీ వీపు వైపు ఉన్నట్టు. రెండు మూడు చోట్ల నిలబడి ఇలా చేస్తే దిక్కులు కలిసే చోటు తెలుస్తుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఫ్రీక్వెన్సీని పెంచుతూ పోండి. రొద పై ఫ్రీక్వెన్సీల్లో బలహీనంగా ఉంటుంది కనుక, 300 మెగాహెర్ట్జ్‌లోనూ వినిపిస్తోందంటే బాగా దగ్గరపడ్డట్టే. గ్యారేజీ తలుపు మోటారులో పెట్టే ఎల్ఈడీ బల్బు ఇలాంటి వెతుకులాటల్లో తరచుగా దొరికే దోషి. అదే బల్బు వాళ్ల తలుపు రిమోట్ అందే దూరాన్ని కూడా తగ్గిస్తుంది కాబట్టి, పొరుగువారితో మాట కలపడానికి ఫిర్యాదు కంటే అది మంచి మార్గం: "మీ రిమోట్ ఈ మధ్య దగ్గరికి వస్తే గానీ పనిచేయడం లేదా?" అని అడిగి, స్కానర్‌లో రొద వినిపించి, వేరే బల్బు మీరే కొని ఇవ్వండి.

చట్టం సహాయం గురించి కూడా అడిగారు. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ పార్ట్ 15 నియమాల ప్రకారం ఇలాంటి పరికరాలు హానికరమైన ఇంటర్‌ఫియరెన్స్ కలిగించరాదు. కానీ మీ స్కానర్ వెనక ఉండే చీటీ చదివితే, వచ్చే ఇంటర్‌ఫియరెన్స్‌ను అది కూడా భరించాల్సిందేనని అందులోనే రాసి ఉంటుంది. వినడం మాత్రమే చేసేవారి చేతిలో పెద్ద ఆయుధమేమీ లేదు, లైసెన్సున్న హామ్ (అభిరుచి రేడియో) ఆపరేటర్ మాటకు ఇంతకంటే బరువుంటుంది. దిక్కులు కరెంటు స్తంభం దగ్గర కలిస్తే మాత్రం వెనకాడకుండా, స్తంభం మీది నంబరు రాసుకుని, రొద వచ్చే వేళలతో సహా విద్యుత్ సంస్థకు ఫిర్యాదు ఇవ్వండి. స్తంభాన్ని ముట్టుకోవడం గానీ తట్టి చూడటం గానీ చేయవద్దు. మెయిన్ ఆపినప్పుడు ఏమైందో, అటెన్యుయేటర్ వేస్తే రొద ఎలా మారిందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం చేయాలో అప్పుడు చెప్పగలను.