సీసా మీద డిపాజిట్ పెంచడం ఒక్కటే చాలదు

పానీయాల సీసాలు, డబ్బాలు మరిన్ని రీసైక్లింగ్‌కు చేరాలంటే పాత డిపాజిట్ చట్టంలో (కొనేటప్పుడు సీసాకు కొంత అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ డబ్బు వెనక్కి ఇచ్చే చట్టంలో) ఏం మార్చాలని, మొత్తాన్ని పెంచితే సరిపోతుందా అని మీరు అడిగారు. అలాంటి చట్టం అమల్లో ఉన్న ప్రాంతంలో ఆరేళ్లు నివసించి, వారం వారం ఖాళీ సీసాలు తీసుకెళ్లి ఇచ్చిన అనుభవంతో చెబుతున్నాను. మొత్తాన్ని పెంచాల్సిందే. అయితే తిరిగి ఇవ్వడం సులువు కాకపోతే ఆ పెంపు కొనేవారికి భారంగానే మిగులుతుంది.

మొత్తం సంగతికి అమెరికాలోని ఒరెగాన్ మంచి ఉదాహరణ. ఆ దేశంలో ఇలాంటి చట్టాన్ని 1971లో మొదట చేసింది ఆ రాష్ట్రమే. అప్పుడు పెట్టిన 5 సెంట్లు నాలుగు దశాబ్దాలు దాటినా మారలేదు. ఈలోగా ధరలు ఎన్నో రెట్లు పెరగడంతో ఆ చిన్న మొత్తం కోసం సీసా దాచిపెట్టే ఓపిక జనంలో తగ్గిపోయింది. తిరిగి వచ్చే సీసాల, డబ్బాల వాటా వరుసగా రెండేళ్లు 80 శాతం కంటే తక్కువగా ఉంటే డిపాజిట్ దానంతటదే 10 సెంట్లు కావాలని తర్వాత చట్టంలో చేర్చారు. 2017 ఏప్రిల్‌లో ఆ పెంపు అమలయ్యాక, 64 శాతం దాకా పడిపోయిన ఆ వాటా మళ్లీ 80 శాతం దాటింది. పెంపు కన్నా ఆ నిబంధనే నాకు విలువైనదిగా తోస్తుంది. అంకెను చట్టంలో స్థిరంగా రాసేస్తే, దాన్ని మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ కొత్తగా పోరాడవలసి వస్తుంది.

ఇక సులువు సంగతి. మా ఇంటికి దగ్గరలోని కేంద్రంలో రెండే యంత్రాలుండేవి. గుండ్రటి రంధ్రంలో డబ్బా పెడితే అది లోపల గిర్రున తిరిగి, బార్‌కోడ్ కనబడగానే నలిగిన చప్పుడుతో లెక్కలో చేరేది. ఏ కాస్త సొట్ట పడినా యంత్రం దాన్ని బయటికి నెట్టేసేది. ఒక సాయంత్రం ఒక యంత్రం నిండిపోయింది, రెండోది పనిచేయడం లేదు. నా వెనక రెండు పెద్ద సంచులతో నిలబడిన ముసలావిడ అరగంట ఎదురుచూసి, వాటిని చెత్తకుండీ పక్కనే వదిలి వెళ్లిపోయింది. డిపాజిట్ రెట్టింపు ఉన్నా ఆవిడ ఆ బరువును మళ్లీ ఇంటికి మోసుకెళ్లేది కాదని నా నమ్మకం. అందుకే అమ్మిన దుకాణమే తిరిగి తీసుకోవాలన్న బాధ్యతను చట్టంలో స్పష్టంగా రాయాలి. ఐరోపాలోని లిథువేనియా దేశం 2016లో దుకాణాల ద్వారా సీసాలు తిరిగి తీసుకోవడం మొదలుపెట్టింది, రెండేళ్లలోనే తిరిగి వచ్చేవి 90 శాతం దాటాయి.

ఏ పానీయాలకు వర్తించాలన్నదీ ముఖ్యమే. మా దగ్గర సోడా సీసాకు డిపాజిట్ ఉండేది, అదే ప్లాస్టిక్‌తో చేసిన పండ్లరసం సీసాకు ఉండేది కాదు. చాలా చట్టాలు రాసిన కాలంలో సీసా నీళ్ల అమ్మకం ఇంతగా లేదు కాబట్టి నీళ్ల సీసాలూ వాటిలో చేరలేదు. న్యూయార్క్ వాటిని 2009లో చేర్చింది.

వాపసు తీసుకోని డబ్బు ఎవరికి చెందాలో కూడా చట్టమే తేల్చాలి. అది పానీయాల కంపెనీల దగ్గరే ఉండిపోతే, సీసాలు తిరిగి రాకపోవడమే వారికి లాభం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో అందులో 75 శాతం పర్యావరణ పనుల నిధికి, 25 శాతం దుకాణదారులకు వెళుతుంది. నన్నడిగితే దుకాణాల వాటా ఇంకా పెంచి, యంత్రాలను బాగుచేయించే బాధ్యతను కూడా దానికి ముడిపెట్టాలి.