డబ్బింగులో చూసుకుందామనకు, తల్లీ

చి. చిట్టికి మావయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి మీ అమ్మ ఫోను చేసింది. ఓ ఒడియా కథని సినిమాగా తీస్తున్నావట, దానికోసం గొలుసు బ్యాంకులో పెట్టావట. గొలుసు మాట వినగానే ఒళ్ళు మండింది. ఏ కథో చెప్పాక కోపం సగం దిగిపోయింది. ముసలమ్మ, ఎద్దు, సంత. పది పేజీల్లో ఎంత బతుకుందో! మంచిదాన్నే పట్టుకున్నావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు కాయితం సంగతి. నువ్వు చదివింది ఒడియా కథకి తెలుగు అనువాదం. మూలకథ హక్కు వేరు, అనువాదం హక్కు వేరు. అనువాదకుడి వాక్యాలు సంభాషణల్లో వాడుకుంటే ఆయన అనుమతి కూడా కావాలి. రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు హక్కు వారసులదే. ఫకీర్ మోహన్ సేనాపతి 1918లో పోయారు, ఆయన ఒడియా మూలం ఎవరైనా తీసుకోవచ్చు. మన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు, కాబట్టి 2022 నుంచి ఆయన కథలూ అంతే. చలం గారివి మాత్రం 2039 చివరిదాకా అడిగే తీసుకోవాలి. నీ కథ రాసినాయన కొడుకు "తీసుకో అమ్మా" అన్నాడట. నోటిమాట చెల్లదు. రాసి సంతకం పెట్టించుకో, వారసులు ఎంతమంది ఉంటే అంతమంది చేతా. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళనే అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఇంకోటి, ఏడాదిలోపు హక్కు వాడుకోకపోతే, వేరేగా రాసుకోకపోతే, ఒప్పందం రద్దయిపోయినట్టే. నీ దగ్గర డబ్బు లేదు, ఏడాదిలో మొదలవుతుందో లేదో. ఆ గడువు పొడిగించి రాయించు.

స్క్రిప్టులో ఒక్కమాటే చెప్తాను. ముసలమ్మ మనసులో అనుకునేవన్నీ వెనకనుంచి గొంతుతో చెప్పించకు. ఎద్దుని అమ్మడం ఆమెకి ఇష్టంలేదని కథలో అరపేజీ ఉంది. తెర మీద పలుపుతాడు ముడి విప్పడానికి ఆమె ఎంతసేపు తీసుకుంటుందో చూపిస్తే చాలు. కథలో ఏడు చోట్లున్నాయి. ఇల్లు, దారి, సంత, ఈ మూడూ ఉంచు. అసలు సంతరోజు జనాన్నీ పశువుల్నీ మాత్రం తీసి పెట్టుకో. బేరం సీను ఇంకోరోజు అదే మూల, అదే ఎండలో, పదిమందిని నిలబెట్టి తియ్యి.

ఎద్దు ఉంది కాబట్టి జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకి ముందే రావాలి. తరవాత సెన్సారు దగ్గర ఏడిస్తే లాభం లేదు. ముసలమ్మ అడ్డచుట్ట తాగుతుంది కదా, హాల్లో వేసేటప్పుడు ఆ చుట్ట కనిపించినంతసేపూ కింద హెచ్చరిక పడుతుంది. ఆమె మొహం మీద కళ్ళు నిలవాల్సిన సీన్లో చుట్ట తీసేయ్.

ఇక అసలు సంగతికొస్తాను. షూటింగు రెండో రోజునో మూడో రోజునో ఎవరో ఒకరు అంటారు, "సౌండుదేముంది, డబ్బింగులో చూసుకుందాం" అని. చిన్న సినిమాల్ని ముంచేది ఈ మాటే. డబ్బంతా కెమెరా అద్దెకి పోతుంది, కెమెరా నెత్తిమీదున్న మైకుతో ఏదో గుర్తుకి రికార్డు చేస్తారు. ఎడిటింగయ్యాక నటుల్ని స్టూడియోకి పిలుస్తారు. నీ నటులు ఎవరు? మన వీధివాళ్ళు. ఏటి ఒడ్డున ఎద్దు మెడ నిమురుతూ మాట్లాడిన మనిషి, ఏసీ గదిలో హెడ్‌ఫోను పెట్టుకుని, తెర మీద తన పెదాలే చూసుకుంటూ మళ్ళీ అదే మాట అనాలి. పెదవి కలుస్తుంది, ఊపిరి కలవదు. గొంతు పాఠం అప్పజెప్పినట్టు వస్తుంది. అప్పుడు కంగారుపడి హైదరాబాదు నుంచి డబ్బింగు కళాకారుల్ని తెస్తారు. మన యాసలో "ఏటి" కాస్తా "ఏంటి" అయిపోతుంది. అక్కడితో సినిమా పోయినట్టే.

నీ కథకి ఇది మరీ ప్రాణం. అనువాదంలో అందరూ ఒకే తెలుగు మాట్లాడతారు. తెలుగూ ఒడియా కలిసే మన ఊళ్ళో ఎవరు మాట్లాడతారలా? ముసలమ్మ ఎద్దుతో తెలుగులో, బేరగాడితో ఒడియాలో మాట్లాడుతుంది. రూపాయలు లెక్కపెట్టేటప్పుడు ఏ భాషలోకి జారుతుందో దాన్నిబట్టి ఆమె భయం తెలుస్తుంది. అనువాదంలో పోయినది నీ సినిమాలో తిరిగి రావాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు తల్లీ మన పర్లాకిమిడి, వాడుకభాష కోసం ఆయన పోరాడిన ఊరు. నీ సినిమా ఏదో కల్ట్ అవుతుందని మీ స్నేహితులు అంటున్నారట. జనం మళ్ళీమళ్ళీ చూసి అప్పజెప్పుకునేది మాటల్నే. ఆ మాటలు నిజమైన గొంతులోంచి రావాలి.

అంచేత కెమెరా ఒక మెట్టు తక్కువది తీసుకో, సౌండు మనిషిని మాత్రం పెట్టుకో. హెడ్‌ఫోను తీయకుండా వినడం ఒక్కటే అతని పని. "మళ్ళీ" అనే హక్కు అతనికివ్వు, నువ్వెంత తొందరలో ఉన్నా సరే. బూమ్ మైకు, అదే పొడుగు కర్రకి కట్టినది, ఫ్రేముకి ఆనుకుని పైన, నటుడికి రెండు మూడు అడుగుల్లో ఉండాలి. బట్టకి పెట్టే మైకు గడ్డానికి జానెడు కింద. గంజి చీర గరగర వినిపిస్తుంది, ఉతికి మెత్తబడ్డ చీర కట్టించు, గాజులు చూసుకో. రికార్డరు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టించు, గట్టిగా అరిచినా దాని మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. తరవాత బొమ్మా మాటా కలపడానికి ప్రతి షాటుకీ క్లాపు. పాత ఇంటి సున్నం గోడలకి గొంతు మోగుతుంది, ఫ్రేము బయట బొంతలు వేలాడదియ్యి. మోత రాకుండా ఫ్రిజ్ ఆపినప్పుడు ఇంటి తాళంచెవి అందులో పెట్టు, మళ్ళీ వెయ్యడం మర్చిపోయి ఇంటికెళ్ళలేవు. ప్రతిచోటా పని ముగిశాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఊరికే రికార్డు చెయ్యి. మహేంద్రతనయ ఏటి ఒడ్డు నిశ్శబ్దం వేరు, వంటింటి నిశ్శబ్దం వేరు. అది లేకపోతే ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య చిల్లు పడుతుంది. ముఖ్యమైన మాటల్ని షాటు కాగానే కెమెరా లేకుండా రెండుసార్లు అనిపించు.

షూటింగు కార్తీకంలో పెట్టుకోకు, తెల్లారకుండానే గుళ్ళో మైకులు మొదలు. వానల్లో రేకుల కప్పూ కప్పలూ. కోతలప్పుడు నూర్పిడి మిషన్లు. సంక్రాంతి దాటిన మూడు వారాలు నీవి, ఫాను ఆపినా చెమట పట్టదు. ట్యూబులైటు కింద తీసేటప్పుడు కెమెరా షట్టరు 1/50 సెకనుకి పెట్టించు, లేకపోతే బొమ్మ మినుకుతుంది. ఏ రోజు తీసింది ఆ రాత్రే రెండు డిస్కుల్లోకి, రెండూ ఒకే ఇంట్లో వద్దు. అందరికీ భోజనం వేళకి పెట్టు. నువ్వూ తిను. పని పడితే నీకు అన్నం గుర్తుండదని మీ అమ్మ ఒకటే బెంగ.

గొలుసు మీద వడ్డీ ఎంతో రాయి. రికార్డరు, మైకుల అద్దె నేను కడతాను. ముసలమ్మ వేషం వేసే ఆమెతో మొదటిసారి చదివించే రోజు ముందుగా చెప్పు, బరంపురం నుంచి పొద్దున్న బస్సుకి వస్తాను.

మావయ్య