సయనోటైప్ ముద్రణకు ఏ దీపం మేలు?

ప్రశ్న: నేను మేడమీద ఎండలో సయనోటైప్ చిత్రాలు (ఇనుప లవణాల పూత పూసిన కాగితం మీద నెగెటివ్ ఉంచి, వెలుగు సోకించి తీసే నీలిరంగు చిత్రాలు) ముద్రిస్తుంటాను. వేసవిలో ఇబ్బంది లేదు గానీ, ఆషాఢంలో మబ్బులు కమ్మినప్పటి నుంచి ఒకే నెగెటివ్‌కు ఒకరోజు పది నిమిషాలు, మరునాడు అరగంట పడుతోంది. ఇంట్లో వాడుకునే దీపం కోసం గవర్నర్‌పేటలో విచారిస్తే ఒక దుకాణంలో నీటి ఫిల్టర్‌లో వాడే యూవీ (అతినీలలోహిత) ట్యూబు, మరొకచోట ఊదారంగు ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు, ఇంకొకచోట దోమలను చంపే యంత్రంలో వేసే ట్యూబు చూపించారు. ఏ3 సైజు వరకు ముద్రించాలని ఉంది. వీటిలో ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మొదట నీటి ఫిల్టర్ ట్యూబును పక్కన పెట్టండి. క్రిములను చంపడానికి అది వెలువరించే 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు కిరణాలు, నెగెటివ్‌నూ కాగితాన్నీ అదిమి ఉంచే ప్రింటింగ్ ఫ్రేము అద్దాన్ని దాటి కాగితాన్ని చేరవు సరికదా, కప్పు లేకుండా వెలిగిస్తే కళ్లకూ చర్మానికీ హాని చేస్తాయి.

1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న ఈ పద్ధతిలో, పూతలోని ఫెర్రిక్ ఇనుము కాంతి సోకినచోట ఫెర్రస్‌గా మారి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ నీలం అవుతుంది. ఈ మార్పును బాగా నడిపించేవి సుమారు 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య కిరణాలు. ఆపైనున్న ఊదా, నీలి కాంతికీ పూత కొంత స్పందిస్తుంది. అందువల్ల 365 దగ్గర బలంగా వెలిగే ట్యూబు, 395 లేదా 405 ఎల్ఈడీ రెండూ పనికొస్తాయి. రేపు మీరు ప్లాటినం, గమ్ బైక్రోమేట్ వంటి ఇతర పాత ఫొటో ముద్రణ పద్ధతుల వైపు వెళ్లినా వీటితోనే పని జరుగుతుంది.

అయితే ఏ3 కాగితానికి అసలు చిక్కు దీపం బలంతో కాదు, కాంతి అంతటా సమానంగా పడటంతో వస్తుంది. ఒక్క ఫ్లడ్‌లైటును దగ్గరగా ఉంచితే నడిమధ్య ముదురు నీలం, మూలల్లో వెలిసిన నీలం వస్తాయి. సమానత్వం కోసం దాన్ని పైకి జరిపితే, దూరం రెట్టింపైనప్పుడు కాంతి సుమారు నాలుగోవంతుకు పడిపోయి సమయం నాలుగింతలవుతుంది. పోస్టుకార్డు సైజుకైతే నేను ఎల్ఈడీనే సూచించేవాడిని.

మీకు సరిపోయేది దోమల యంత్రపు జాతి ట్యూబే; దాన్ని బీఎల్ (బ్లాక్‌లైట్) ట్యూబు అంటారు. ఫిలిప్స్ ట్యూబుల మీద వాట్ల పక్కన 10 అనే కోడ్ ఉంటే అది ఈ రకం. 08 అని ఉంటే నల్లటి గాజుతో చేసిన బీఎల్‌బీ (బ్లాక్‌లైట్ బ్లూ). అది కంటికి కనిపించే వెలుగును మాత్రమే తగ్గిస్తుంది గనుక ముద్రణకు అదనపు లాభం లేదు. రెండడుగుల 18 వాట్ల ట్యూబులు ఎనిమిదింటిని, ఒకదాని మధ్య నుంచి మరొకదాని మధ్యకు ఐదు సెంటీమీటర్ల ఎడంతో, తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో బిగించి, ఫ్రేమును ఎనిమిది పది సెంటీమీటర్ల కింద ఉంచితే ఏ3 మొత్తానికీ కాంతి దాదాపు సమానంగా అందుతుంది. ఎలక్ట్రానిక్ చోకులు వేయించి, పెట్టె పక్కన చిన్న ఫ్యాను అమర్చండి. రోహిణి కార్తెలో మన ఊళ్లో మూసిన పెట్టె ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పనక్కరలేదు.

డబ్బు పెట్టే ముందు, శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ వారిని అడిగి, వారి ఎక్స్‌పోజింగ్ పెట్టెలో ఒక కాగితాన్ని పరీక్షించండి. స్క్రీన్‌కు వారు పూసే ఎమల్షన్‌కూ (వెలుగు సోకితే గట్టిపడే పూత) దాదాపు ఇవే కిరణాలు కావాలి. కొందరు మామూలు ట్యూబ్‌లైట్లతోనే సరిపెట్టుకుంటారు కాబట్టి, ఏ ట్యూబులు వేశారో ముందే తెలుసుకోవాలి.

ఫ్రేముకు మామూలు అద్దం చాలు. రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. యాక్రిలిక్ రేకుల్లోనూ కొన్ని రకాలు అంతే.

పెట్టె సిద్ధమయ్యాక నెగెటివ్ లేకుండా పూత కాగితాన్ని కొద్దిసేపే వెలుగులో ఉంచి కడగండి. లేత నీలంలో మూలల తేడా స్పష్టంగా బయటపడుతుంది, ముదురు నీలంలో దాగిపోతుంది. ఎండకు సరిపోయిన డిజిటల్ నెగెటివ్‌లను (ప్రింటర్‌తో పారదర్శక షీటు మీద తీసినవి) మాత్రం మళ్లీ సరిచూసుకోవాలి, ఎందుకంటే ప్రింటర్ ఇంకు 365 కిరణాలను ఆపినంతగా 405 కిరణాలను ఆపకపోవచ్చు. ట్యూబులు వెలిగించిన కొద్ది నిమిషాలకు గానీ కాంతి నిలకడకు రాదు. ఏళ్లు గడిచేకొద్దీ పైకి అలాగే వెలుగుతున్నా వాటి అతినీలలోహిత కాంతి తగ్గుతుంది కాబట్టి, స్టెప్ వెడ్జ్‌తో (మెట్లుమెట్లుగా నలుపు పెరిగే పరీక్ష పట్టీతో) తీసిన మొదటి ముద్రను దాచి, అప్పుడప్పుడు కొత్త ముద్రతో పోల్చి చూసుకోండి.